ఇద్దరం కలిసి మానేశాం

ఆదివారం, మధ్యాహ్నం

ఒరేయ్ బక్కోడా,

నువ్వూ, చెల్లెమ్మా, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి, కాగితాన్నయితే కట్ చేయలేవు కదా అని రాస్తున్నాను.

నీకు బదిలీ అయ్యాక డిపోలో నాకు స్పానర్ అందించే దిక్కు కూడా లేదు. టీ వేళకి అందరూ పాత టైర్ల గుట్ట వెనక్కి పోయి దమ్ము కొడతారు. నేను వెళ్లను. బస్సు కింద పడుకుని వాళ్ల నవ్వులు వింటూ ఉంటాను. సిగరెట్ మానడం ఒక ఎత్తు, ఆ నలుగురికీ దూరం కావడం ఒక ఎత్తురా. ఇద్దరం కలిసి మానేద్దామని చేతిలో చెయ్యేసుకున్నప్పుడు ఈ సంగతి మనకి తోచనే లేదు. ఇంటికొస్తే నాలుగు గోడలు. టీవీని వాగనిచ్చి భోంచేస్తాను.

మొన్న వానలో ఒక బస్సుకి బ్రేకులు ఎంతకీ కుదరలేదు. సూపర్‌వైజర్ అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిన్నగా గుట్ట వెనక్కి వెళ్లి ఎవడి చేతిలోదో లాక్కుని కాల్చాను. సగమైనా కాకముందే ఏడుపొచ్చింది. పడ్డ కష్టమంతా బూడిదైపోయిందనుకున్నాను.

మర్నాడు, మనిద్దరం సిగరెట్ మానడానికి వెళ్లిన క్లినిక్‌లో మన నర్సమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాను. చీవాట్లు పెడుతుందనుకుంటే కుర్చీ చూపించింది. ఒక్కటి కాలిస్తే కాలు జారినట్టు, అంతేనండీ, ఇన్నాళ్లూ మానింది ఎక్కడికీ పోలేదు, ఇంతకీ ఆ పూట ఏం జరిగిందో చెప్పండి అంది. అంతా చెప్పాను. ఈసారి కోపమొస్తే కాళ్లు ఎటు వెళ్లాలో ఇప్పుడే అనుకోమంది. మొహాన చన్నీళ్లు కొట్టుకుని మా బక్కోడికి ఫోన్ చేస్తానన్నాను. ఆలోచించకుండానే నీ పేరు నోట్లోంచి వచ్చేసింది.

అప్పట్నుంచి మళ్లీ ముట్టలేదు. కానీ చన్నీళ్లు కొట్టుకున్నాక మాట్లాడడానికి ఎవరూ లేరురా.

నీవాడు,
గుండుగాడు

తా.క.: చెప్పకుండా ఉందామనుకున్నాను, నా వల్ల కావడం లేదు. నువ్వు మళ్లీ మొదలుపెట్టావనీ, నా ఫోన్ మోగితే మొహం చెల్లక పెరట్లోకి వెళ్లిపోతున్నావనీ చెల్లెమ్మ చెప్పింది. ఆమెనేమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. వచ్చే శనివారానికి సెలవు పెట్టాను. పొద్దున్న బస్సుకే వస్తున్నాను. ఎందుకు కాల్చావని అడగను. నువ్వు మాట్లాడకపోయినా సరే, పక్కన కూర్చుంటాను. తలుపు తియ్యి, చాలు.