కూర్చుని చేసే పని

మంగళవారం, గద్వాల

నా మోకాల్లో అరిగిన ఒక్క వైపే మారుస్తారట. చేత్తో చేయొచ్చు, రోబోతో అయితే కొలత ఇంకా కచ్చితంగా కుదురుతుందట. ఎలా చేసినా తర్వాత కాలు నిలిచేది నా పనిని బట్టే అన్నాడు డాక్టరు.

"ఏం పని చేస్తవు పెద్దాయనా?"

"కూసొని చేసేదే సార్."

"అయితే ఫికర్ లేదు," అని రాసుకున్నాడు.

గుంటమగ్గం అని చెప్పలేదు. గుంటలో కాళ్లు దించి, రోజంతా ఆ కాలితోనే చెక్కలు తొక్కుతానంటే నేత మానెయ్యమంటాడని భయం. బయటికొచ్చాక మా ఆవిడ, "గట్లెందుకు చెప్పినవ్? ఎల్లుండే గద ఆపరేషన్!" అని ఏడ్చింది.

నూలు చీరకు పట్టు అంచును మగ్గం మీదే అతికే నేతగాణ్ణి. అతుకు సరిగ్గా పడకపోతే చీర అక్కడే విడిపోతుందని నాకు తెలుసు. నా మోకాల్లో అతుకు వేసే మనిషికే అబద్ధం చెప్పి వచ్చాను.