నగెట్‌గాడి గుడ్ మార్నింగ్

ఏప్రిల్ 26, శనివారం

నా ఫ్రెండ్ ధనలక్ష్మి వచ్చింది. స్కూల్ బ్యాగు ముందుకేసుకొని, జిప్ సగం తెరిచి. లోపల నుంచి పసుపు కుచ్చు ఒకటి బయటికొచ్చి నన్ను చూసింది.

కాకటీల్. చిన్న చిలక. ఒళ్ళంతా బూడిద రంగు, బుగ్గల మీద నారింజ చుక్కలు, పౌడర్ ఎక్కువైన పెళ్ళికొడుకు మాదిరి. ధన వాళ్ళమ్మకి వీడి అరుపులతో తలనొప్పంట. "ఎవా, నువ్వే పెంచుకోవే, లేకుంటే ఎవురికో ఇచ్చేస్తారు" అని ఏడ్చింది. (ఎవా అంటే నేనే.) నేను ఎవరైనా ఏడిస్తే ఏదైనా ఒప్పేసుకుంటా. నా వీక్‌నెస్.

పేరు పెట్టేశా. నగెట్.

ప్రాబ్లం: డాడీ. మాది మైపాడు దగ్గర రొయ్యల గుంటల పక్కనే ఇల్లు. మా గుంటల మీద దారాలు, తళతళలాడే రిబ్బన్లు. కొంగ వాలితే టపాకాయ, కాకి వాలితే రెండు టపాకాయలు. పిట్ట రెట్ట వేస్తే వైరస్ వస్తుందని డాడీకి భయం. పిట్ట అనే మాటే మా ఇంట్లో బూతు.

కాబట్టి సీక్రెట్. మేడ మీద పాత మేత బస్తాల గది. మమ్మీకి మోకాళ్ళ నొప్పులు, అవ్వ మెట్లెక్కదు, డాడీకి గుంటలు తప్ప లోకం లేదు. సేఫ్.

ప్లాన్: వచ్చే నెలాఖరుకి పట్టుబడి. రొయ్యలు పట్టి లారీకెత్తిన రోజు డాడీ ఏమడిగినా ఇస్తాడు. పోయిన పట్టుబడికి సైకిల్ ఇచ్చినాడు. ఆ రోజు పంజరం కిందికి తెస్తా. నగెట్ డాడీని చూసి "గుడ్ మార్నింగ్ డాడీ" అంటాడు. డాడీ కరిగిపోతాడు. నగెట్ మా ఇంట్లోనే ఉండిపోతాడు.

నేర్పాల్సినవి:
గుడ్ మార్నింగ్ డాడీ (మస్ట్)
ప్రైజ్ ద లార్డ్ (అవ్వ కోసం)
షేక్‌హ్యాండ్
గుండ్రంగా తిరగడం

వారానికి ఒకటి. ఈజీ.

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చి నుంచి రాగానే ఫస్ట్ క్లాస్. యూట్యూబ్‌లో చెప్పినారు: ఒకే మాట, ఒకే గొంతు, చెప్పినాక గింజలు. గుడ్ మార్నింగ్ డాడీ. గుడ్ మార్నింగ్ డాడీ. ఎన్నిసార్లు చెప్పినానో లెక్కలేదు.

నగెట్ తల పక్కకి వంచి విన్నాడు. చాలా ఇంటెలిజెంట్ ఫేస్. నేను మ్యాథ్స్ క్లాసులో ఇదే ఫేస్ పెడతాను, కానీ వాడిది వేరు.

ఏప్రిల్ 29

వేలెక్కినాడు. తర్వాత కొరికినాడు. కానీ ముందు ఎక్కినాడు, అది పాయింట్.

మధ్యాహ్నం కరెంటు పోయింది. గుంటల్లో నీళ్ళని చిలికే చక్రాలు ఆగిపోతే రొయ్యలకి ఊపిరాడదు, అందుకని హాల్లో అలారం బాక్సు ఉంది. గుంటల లైన్ పోగానే టీ టీ టీ అని గోల. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి ఫ్యాన్లు ఆగవు, ఆ బాక్సు లేకుంటే ఎవరికీ తెలీదు. అది మోగితే పోలయ్య మామ (మా గుంటల కాపలా, పూర్తి పేరు చిన్నపోలయ్య) పరుగెత్తి జనరేటర్ వేస్తాడు.

ఆ సౌండుకి నగెట్ హడలిపోయి పంజరంలో ఎగిరెగిరి పడ్డాడు. ఒక్క కేక వేసినా అయిపోయేవాళ్ళం. గబగబా గుప్పెడు కొర్రలు పెట్టినా. తింటా తింటా సైలెంట్ అయిపోయినాడు.

ఐడియా సూపర్. ఇకనుంచి అలారం మోగితే కొర్రలు.

మే 2

ఎండలు. కరెంటు పొద్దున పోయింది, మధ్యాహ్నం పోయింది, సాయంత్రం కూడా పోయింది. మూడుసార్లూ కొర్రలు.

నగెట్‌కి ఇప్పుడు భయం లేదు. అలారం మోగగానే మెడ చాపి నా గుప్పిట వైపు చూస్తాడు. నాకు టీచింగ్ పుట్టుకతో వచ్చినట్టుంది. నాకే అన్నిటికీ భయం (బల్లి, ఇంగ్లీష్ మేడమ్, డాడీ మౌనంగా ఉండడం), నేను ఇంకొకరికి ధైర్యం నేర్పినా.

మాట మాత్రం ఇంకా రాలా. నిద్రలో "గ్" అన్నాడు. గుడ్‌లో గ్ అనుకుంటున్నా.

మే 6

ఉక్క. మేడ గది పొయ్యి మాదిరి ఉంది. ఈ ఎండలో పిల్లలకే సెలవులిస్తే చిలక్కి క్లాసులేంటి? క్లాసు కొద్దిసేపే.

షేక్‌హ్యాండ్ సిలబస్ నుంచి తీసేసినా. వాడికి కాలు ఎత్తితే పడిపోతాననే ఫీలింగ్. నాకు అర్థమవుతుంది.

మే 8

క్లాస్ లేదు. ధన ఫోన్‌లో అడిగింది, "ఏమంటున్నాడే వాడు?" "లోపల్లోపల ప్రిపేర్ అవుతున్నాడు" అన్నా.

మే 9

ఈ రోజు ఘోరం జరిగింది.

డాడీ అన్నం తింటున్నాడు. టీ టీ టీ. డాడీ ఎంగిలి చేత్తోనే గుంటల దగ్గరికి పరుగు. చూస్తే చక్రాలన్నీ బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. "ఏందిరా ఈ బాక్సు" అని తిట్టుకుంటా వచ్చి చల్లారిపోయిన చేపల పులుసు తిన్నాడు.

నేను అప్పుడు మేడ మీదే ఉన్నా. బాక్సు మోగలా. మోగింది నగెట్.

సేమ్ టు సేమ్. ఆ చివర్లో కొంచెం సాగదీసేది కూడా. కూసేసి, మెడ చాపి, నా గుప్పిట వైపు చూసినాడు.

కొర్రలు.

పది రోజులుగా నేను నేర్పింది ఇదన్నమాట.

మే 10

డాడీకి చెప్పాలి. ఎట్లా చెప్పాలో మూడు రకాలుగా అద్దం ముందు ప్రాక్టీస్ చేసినా. మూడోది బాగుంది. కిందికి పోయినా. డాడీ తలెత్తి "ఏమ్మా?" అన్నాడు.

"నీళ్ళు కావాలా డాడీ?" అన్నా.

తాగినాడు.

మే 13

మెకానిక్ వచ్చినాడు. బ్యాటరీ మార్చినాడు. అతను గేటు దాటకముందే టీ టీ టీ. వెనక్కొచ్చి బాక్సే మార్చేసినాడు. కొత్త బాక్సు కూడా అదే సౌండు, కంపెనీ ఒకటేనంట. నా కర్మ.

మమ్మీ ఏమో "వైరింగ్ మొత్తం ఎలకలు కొట్టేసుంటాయి" అంది. మా అవ్వ రెబెక్కమ్మ, డాడీ వాళ్ళమ్మ, వైరింగ్‌ని నమ్మదు. "ఇది ఎలకల పని కాదు సామ్రాజ్యం, ఇది శత్రువు పని" అని మమ్మీకి చెప్పి (శత్రువంటే సాతాను), ప్రార్థన చేసి, చర్చి నూనె తెచ్చి బాక్సుకి రాసింది. నాలుగు మూలలా. మధ్యలో కూడా.

నగెట్ ఆ టైంలో నిద్రపోయినాడు. ఆ తర్వాత ఇంక చప్పుడు లేదు.

మే 14

అవ్వ స్త్రీల కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పిందంట. ప్రార్థనతో మా బాక్సు స్వస్థపడిందని. అందరూ స్తోత్రం అన్నారంట.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తా ఉంటే టీ టీ టీ.

అవ్వ ముఖం చూళ్ళేకపోయినా.

మే 16

మానిపించాలి. రూల్: కూస్తే కొర్రలు లేవు.

పదిన్నరకి కూసినాడు. ఇవ్వలా. మళ్ళీ కూసినాడు. ఇవ్వలా. ఇంకా గట్టిగా కూసినాడు. కింద డాడీ కుర్చీ జరిగిన చప్పుడు.

ఇచ్చేసినా.

రూల్ పదిన్నర నుంచి పదిన్నర దాకా నడిచింది.

గుడ్ మార్నింగ్ సంగతి మర్చిపోయినాం ఇద్దరం. డాడీ మాత్రం పోలయ్య మామతో "ఆ బాక్సు మోగితే ఉరకబాక, ముందు చక్రాలు చూసుకో" అని చెప్పేసినాడు. పట్టుబడికి ఇంకా రెండు వారాలు. నిజంగా మోగిన రోజు ఎవరూ ఉరకకపోతే?

మే 18, ఆదివారం

అన్నీ వరసగా రాస్తా.

పొద్దున్నుంచి మబ్బు. కడుపునొప్పని చర్చికి పోలా (సగం నిజమే). డాడీ, మమ్మీ, అవ్వ పోయినారు. పోలయ్య మామ కాసేపటికి వచ్చి, "పాపా, ఇంటికి పోయి ఇంత అన్నం తినొస్తా. మోగినా భయపడబాక, అది పిచ్చి బాక్సు" అని పోయినాడు.

గాలి లేచింది. నేను పైన కిటికీలు మూసేసి ఫోన్ చూసుకుంటున్నా. ఫ్యాన్ తిరుగుతోంది.

టీ టీ టీ.

"షటప్ నగెట్."

టీ టీ టీ.

తలెత్తకుండానే అవ్వ పాత చీర తీసి పంజరం మీద కప్పేసినా. ఆగలా. "నగెట్, ప్లీజ్ రా" అని చీర ఎత్తి చూసినా.

లోపల నగెట్ కూర్చొని ఉన్నాడు. నోరు మూసుకొని. నా గుప్పిట వైపు చూస్తా.

టీ టీ టీ అని కింద మోగుతానే ఉంది.

కిటికీ తెరిచినా. మూడు గుంటల్లోనూ ఒక్క చక్రం తిరగడం లేదు. నీళ్ళు అద్దం మాదిరి.

మెట్లు ఎట్లా దిగినానో తెలీదు. జనరేటర్ రూం. పుట్టినప్పట్నుంచి ఆ గదిలోకి నేను పోలా, ఆ సౌండంటే భయం. డాడీకి ఫోన్: ఎత్తడు, చర్చిలో సైలెంట్. మమ్మీ ఫోన్ ఇంట్లోనే మోగింది. పోలయ్య మామది స్విచాఫ్. మిగిలింది అవ్వ. అవ్వకి సైలెంట్ పెట్టడం రాదు.

"ఎవురూ?"

"అవ్వా, నేను. కరెంటు పోయింది, డాడీకియ్యి."

"ఇక్కడా పోయిందిలేమ్మా. విసనకర్రలు ఇచ్చినారు. ప్రసంగం జరగతా ఉండాది, పెట్టేయ్."

"అవ్వా, ఫోన్ డాడీకియ్యి!"

నా గొంతు అంత ఉందని నాకే తెలీదు. పాస్టర్ గారు వాక్యం ఆపేసినారంట. మమ్మీ చెప్పింది.

డాడీ లైన్లోకొచ్చినాడు. అరవలా. మెల్లగా, "తాళం తిప్పమ్మా. తిప్పి వదలబాక, పట్టుకో" అన్నాడు. తిప్పినా. దగ్గింది, ఆగింది. "మళ్ళీ." మళ్ళీ తిప్పినా. గది మొత్తం ఊగిపోయేట్టు స్టార్ట్ అయింది. "ఇప్పుడు గోడ మీద పెద్ద హ్యాండిల్ ఉంది చూడు, కిందికి లాగు. రెండు చేతుల్తో." ఫోన్ కింద పెట్టి లాగినా.

మొదటి గుంటలో ఒక చక్రం కదిలింది. ఇంకోటి. తర్వాత అన్నీ.

గట్టు మీదికి పోయి చూస్తే అంచు పొడుగునా రొయ్యలు మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. నేను అక్కడే కూలబడి, దిగండి ప్లీజ్, దిగండి అని వాటితో ఇంగ్లీషులో కూడా చెప్పినా. కాసేపటికి ఒక్కొక్కటే కిందికి పోయినాయి. పోలయ్య మామ చేతికి అన్నం మెతుకులతోనే వచ్చినాడు. డాడీ బండి స్టాండ్ కూడా వేయకుండా దూకినాడు. వెనకాల ఆటోలో మమ్మీ, అవ్వ.

డాడీ మూడు గుంటలూ తిరిగొచ్చినాడు. "రెండు దోసిళ్ళు పోయినాయి, అంతే. ఇంకో అరగంటైతే మొత్తం ఎత్తి పారబోయడమే" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టినాడు. తర్వాత అడిగినాడు.

"అయినా, పోలయ్య నమ్మని బాక్సుని, నేను నమ్మని బాక్సుని, నువ్వెట్టా నమ్మినావమ్మా?"

అబద్ధం రెడీగా ఉంది. చక్రాలు చూసినానని చెప్తే చాలు. అందరూ మెచ్చుకుంటారు. నగెట్ సేఫ్. కానీ డాడీ చెయ్యి ఇంకా నా తల మీదే ఉంది.

"నగెట్ నోరు మూసుకొని ఉన్నాడు డాడీ. అందుకని నిజమైన అలారమని తెలిసింది."

"నగెట్ ఎవురు?"

మొత్తం చెప్పేసినా. అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన మూడింట్లో ఒక్కటీ గుర్తు రాలా.

అందరూ మేడెక్కినారు. అవ్వ కూడా, గోడ పట్టుకొని. డాడీ పంజరం ముందు నిలబడినాడు. నగెట్ కుచ్చు లేపి డాడీని పైనుంచి కిందికి చూసినాడు. నేను మనసులో, గుడ్ మార్నింగ్ రా, ఒక్కసారి రా, నీ లైఫ్ రా అనుకుంటున్నా.

టీ టీ టీ.

డాడీ వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగేసి ఆగినాడు. పోలయ్య మామ ఆగలా. జనరేటర్ దాకా పోయినాడు.

అవ్వ పంజరం దగ్గరికొచ్చింది. "అయితే నా సాక్ష్యం?" అంది.

ముందు మమ్మీ నవ్వింది. తర్వాత డాడీ, గోడకి ఆనుకొని, కళ్ళు తుడుచుకుంటా. నేను నవ్వలా. నాకింకా తీర్పు రాలా.

రాత్రి అన్నాల దగ్గర వచ్చింది: "పట్టుబడి దాకా టైమిస్తున్నా. అంతలోపు ఆ కూత మానాలి. మానకుంటే ధన వాళ్ళింటికి పోవాల్సిందే. గుంటల వైపు పోయేముందు సబ్బుతో చేతులు కడగాలి. ఇంకోటి..." నేను ఊపిరి బిగబట్టినా. "ఏదైనా ఉంటే చెప్పు. నీళ్ళు కావాలా అని అడగబాక."

డాడీకి గుర్తుంది.

మే 19, సోమవారం

కొత్త తీర్మానం. సీరియస్.

మర్పించాల్సినవి: టీ టీ టీ
నేర్పాల్సినవి: గుడ్ మార్నింగ్ డాడీ (ఒక్కటే. సిలబస్ తగ్గించినా)
రూల్: ఎవరొచ్చినా, ఏమైనా, కూస్తే కొర్రలు లేవు

ఫస్ట్ క్లాస్ ఏడింటికి. నగెట్ తల వంచి విన్నాడు. అదే ఇంటెలిజెంట్ ఫేస్. పొద్దున్నుంచి ఒక్కసారే కూసినాడు, నేను రాయి మాదిరి కూర్చున్నా. వాడే విసుగొచ్చి మానేసినాడు. పది రోజుల్లో అయిపోతుంది. ఈజీ.

సాయంత్రం మెట్ల మీద చెప్పులు. డాడీవి, పోలయ్య మామవి, మెకానిక్‌వి. నేను తలుపు సందులోంచి చూసినా.

"మీరు బ్యాటరీ మార్చి, బాక్సు కూడా మార్చినారే, అది వీడి వాయిస్. వినండి," అన్నాడు డాడీ. పంజరం వైపు వంగి, "ఏదిరా నగెట్టూ, ఒక్కసారి."

టీ టీ టీ.

మెకానిక్ నోరు తెరిచేసినాడు. డాడీ ముఖం నేను స్టేట్ ఫస్ట్ వచ్చినట్టు వెలిగిపోయింది. జేబులో చెయ్యి పెట్టినాడు.

గుప్పెడు కొర్రలు. కింది నుంచి తెచ్చుకున్నాడు, ముందే.

రేపట్నుంచి రెండు బ్యాచులు. నగెట్‌కి పొద్దున, డాడీకి సాయంత్రం.