ఎర్ర దీపం, సాంబ్రాణి పొగ

నవంబరు 3, సోమవారం
డాబా గోడ మీది తెల్ల డబ్బాలో మళ్లీ ఎర్ర దీపం. గాలి పాడైందని గుర్తు. తెల్లవారుజామున ఎదుటి జిన్నింగు మిల్లులో పత్తి చెత్త కాల్చారు. తులసి కోట మీద మసి. మా ఆయన గోడకు ఆనుకొని కూర్చునే ఉన్నారు... పడుకుంటే దమ్ము, ఊపిరాడదు.

నవంబరు 4
డబ్బా బిగించిన కాలేజీ పిల్ల శ్వేత వచ్చింది. వచ్చే సోమవారం కాలుష్యం ఆఫీసు సార్లు వస్తారట, డబ్బా లెక్కలు చూసి మిల్లు సంగతి తేలుస్తారట. "పెద్దమ్మా, గప్పటిదాక డబ్బా జర పైలం."

నవంబరు 5, పున్నమి
మిల్లు మేనేజరు గడప ముందు నిలబడి నవ్వుతూ — "మీ ఇంట్ల సాంబ్రాణి పొగకే అమ్మా గా ఎర్ర దీపం. దేవుని పొగకు మా మీద కేసా?"
 

నవంబరు 6
సాంబ్రాణి మానేశాను. అగరుబత్తి కూడా. కార్తీకంలో ఎన్నడూ ఇలా చేయలేదు. వట్టి నూనె దీపం. స్వామీ, క్షమించు.

నవంబరు 7
ధూపం లేదు. అయినా పొద్దున ఎరుపే. శ్వేతకు ఫోన్ చేశాను. "ఇగ వాళ్ల నోరు మూతవడ్డట్టే పెద్దమ్మా!"

నవంబరు 9, ఆదివారం
మిల్లు సేటు ఇంటింటికీ సాంబ్రాణి పొట్లాలు పంచిపెట్టించాడు. రేపు కార్తీక సోమవారం, పొద్దున్నే దండిగా ధూపం వేయాలట. ఎంత భక్తి! ఛీ.
పక్కింటి లచ్చక్కను బతిమాలాను, రేపొక్కరోజు ఆపమని.
"దేవునికి ధూపమెయ్యద్దంటవా? భజనల ముందు కూసునేదానివి, నువ్వేనా చెల్లె గిట్లనేది? నీ డబ్బా పాడుగాను!"
దగ్గుతూనే తిట్టింది. నా రోత ఆమె మీద కాదు.

నవంబరు 10
వాడకట్టంతా పొగ. మిల్లు గోడ కూడా కనబడలేదు. సార్లు ముక్కుకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. "ఇంత ధూపంలో ఏం తేలుతదమ్మా?" నేను ధూపం ఆపిన రోజుల లెక్క శ్వేత ఫోనులో చూపిస్తూనే ఉంది. చూస్తాం అన్నారు. మేనేజరు వాళ్ల చేతుల్లో కొబ్బరి ముక్కలు పెట్టాడు. ప్రసాదమట.

నవంబరు 11
మళ్లీ చెత్త కాలుతోంది. ఆయన కూర్చునే ఉన్నారు. "ఎర్రగున్నదా?" అని అడిగారు. ఉంది.
సేటు పంపిన పొట్లం గడప బయటే పడి ఉంది. లోపలికి తేను. పారేద్దామంటే దాని మీద శివుడి బొమ్మ.
కాలు తగలకుండా దాటుతున్నాను — వస్తూ, పోతూ.