కొండమీది చేతివాటం

గురువారం, జూన్ 12

అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాయునది. మేమిక్కడ కులాసా. నువ్వూ వదినా కులాసాయేనని అనుకుంటున్నాను.

నువ్వు మా ఆయన్ని పదిమందిలో చేతకానివాడన్న రోజు నుంచి మనకు మాటల్లేవు. అయినా ప్రతి ఆదివారం మన రెండు ఊళ్ళ మధ్య కొండెక్కి, గాలపు కర్రను నిలబెట్టి దానికి తీగ కట్టి, నీ చిన్న రేడియో సెట్టుతో మోర్స్‌లో, మీట నొక్కుతూ చుక్కలూ గీతలుగా, పిలుస్తావు. ఇంట్లోంచి పిలిస్తే కొండ అడ్డం. శిఖరం నుంచైతే నాకు ఖంగున వినబడుతుంది. నేను నా సెట్టు మీద పలుకుతాను. సంకేతం బాగుందని నువ్వు, నీదీ బాగుందని నేను. అంతే. ఆ రెండు ముక్కల కోసం వారమంతా ఎదురుచూస్తానని నీకు తెలియనక్కర్లేదు.

సూటిగా అడుగుతున్నాను. కొండమీద కూర్చుంటున్నది ఎవరు?

నువ్వు కాదు. మీట మీద నీ చెయ్యి నాకు తెలియదా? చుక్కలన్నీ గబగబా దొర్లించేసి, చివరి గీత దగ్గర సాగదీస్తావు. చలికాలం వెళ్ళినప్పటి నుంచి వస్తున్నది వేరే చెయ్యి. కుట్టుమిషన్ మీద కుట్టినట్టు ఒకే తీరు, ఒక్క తప్పు లేదు. నువ్వు తప్పుల్లేకుండా కొట్టడమా?

అనుమానం పెనుభూతమని మా ఆయన నవ్వారు. నేను ఊరుకోక పరీక్ష పెట్టాను. చిన్నప్పుడు గోడమీంచి పడి నేను ఏ పన్ను విరగ్గొట్టుకున్నానని అడిగాను. గాలి హోరులో వినబడలేదని జవాబు. మరుసటి ఆదివారం నేను మళ్ళీ అడక్కుండానే, పై వరసలో ఎడమ కోరపన్ను అని వచ్చింది. పక్కనే ఉండి చూసినవాడికి వారం దేనికి?

సెట్టు ఎవరైనా ఎత్తుకుపోయారా? లేక చెల్లెలితో ఆ రెండు ముక్కలూ బరువై ఇంకెవరికో అప్పగించావా? మొదటిదైతే పోలీసులకు చెప్పు. రెండోదైతే నాకే చెప్పు, నా సెట్టు మూట కట్టి అటకెక్కిస్తాను. ఏదైనా సరే, ఈ ఆదివారం నేనే కొండెక్కుతున్నాను. దొరికితే దొంగే.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. ఇంకా పోస్టు చేయలేదు. కొండ దిగి వచ్చి ఇది రాస్తున్నాను.

అక్కడున్నది వదిన. బండరాయి చాటున గొడుగు వేసుకుని, సెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కంగారుపడలేదు, జరిగి చోటిచ్చింది. “మీ అన్నయ్యకు చేతులు వణుకుతున్నాయమ్మా, మీట మీద వేలు నిలవడం లేదు, కొండెక్కడమూ మానేశారు” అంది. “నీకు చెబుదామంటే, ‘చెల్లికి నా మీద కోపమున్నా ఫర్వాలేదు గానీ జాలి వద్దు’ అన్నారు” అంది. చలికాలమంతా నీ పక్కన కూర్చుని మోర్స్ నేర్చుకుందట. సాయంత్రం తను ఇల్లు చేరి నేనేం కొట్టానో చెప్పేదాకా నువ్వు గుమ్మం వదలవట.

నీకు చెప్పనని ఒట్టు వేయమంది. నేను వేయలేదు.

వచ్చే ఆదివారం ఇటు ఎక్కి అటు దిగుతాను. మా ఆయనా వస్తానంటున్నారు. నోటితో మాట్లాడటం కష్టమైతే, ఆ వణికే చేత్తోనే బల్ల మీద కొట్టు. ఎన్ని తప్పులున్నా నాకు అర్థమవుతుంది.