నాన్న కలిపిన పొడి

అన్నయ్యకు,

నీ ఫోను మోగి మోగి ఆగిపోతోంది. అందుకే ఈ ఉత్తరం మా ఆస్పత్రి డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు లేకుండా గుమ్మం కదలొద్దని చెప్పాను. కాఫీ ఇచ్చి పంపించేద్దామని చూడకు, అతను కదలడు.

మోకాళ్ల నొప్పులకు నీ దగ్గర పొడి తీసుకున్న టైలరు ఈ ఉదయం నా వార్డులో చేరాడు. కళ్లు పచ్చబడ్డాయి. భార్యను గుర్తుపట్టడం లేదు. కాలేయం పాడవుతోందట. ఆ పొడిలో ఏముందో తెలిస్తేనే వైద్యం తేల్చుకోగలనని డాక్టరుగారు అంటున్నారు. మధ్యాహ్నం నీ గదికొచ్చి అడిగితే ఏమన్నావు? "అది మనింటి మందు. నాన్నకు మాటిచ్చాను, బయట చెప్పను." తాళం వేసుకుని వెళ్లిపోయావు.

ఆస్పత్రిలో ఆ గది నీకిప్పించడానికి ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డాను! "ఇక్కడ చూర్ణాలేంటి సిస్టర్" అని నవ్వినవాళ్లతో, రెండు వైద్యాలూ ఒకే కప్పు కింద ఉంటే రోగి ఎవరి దగ్గరా ఏదీ దాచడని వాదించాను. ఇప్పుడు దాస్తున్నది రోగి కాదు, నువ్వు.

ఒక మాట ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకున్నాను. ఆకులు ఎండబెట్టింది నేను, నూరింది నేను. కలిపేటప్పుడు మాత్రం నాన్న నన్ను వీధిలోకి పంపి తలుపేసేవాడు, పెళ్లై వెళ్లిపోయేదాన్ని కదా. లోపల నువ్వుండేవాడివి. ఆ తలుపు వంక చూస్తూ ఎంత కుళ్లుకున్నానో! నీకు దక్కింది నాకివ్వమనడం లేదు. డాక్టరుగారికి చెప్పు, చాలు. ఆ మనిషి పోతే నీ ముఖం చూడలేను.

నీ చెల్లెలు

*

చెల్లాయికి,

మీ డ్రైవరు నా నెత్తిన కూర్చున్నాడు. ఫోనులో ఈ మాట నా నోట రాదు, రాస్తున్నాను.

దాచానని తిట్టావు. దాచడానికి నా దగ్గర ఏదైనా ఉంటే ఎంత బావుండేది! ఆకుల సంగతి నీకు తెలిసినంతే నాకూ తెలుసు. చివర్లో వేసే ఎర్రపొడి ఏమిటని అడిగితే, "టైముందిలేరా" అనేవాడు నాన్న. ఆయనకే లేకపోయింది. ఆయన మిగిల్చినది అయిపోయాక, బజార్లో అదే రంగు, అదే వాసన ఉన్న పొడి కొని కలుపుతున్నాను. అందులో ఏముందో నాకు తెలీదు. నాన్నకిచ్చిన మాట అంటే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు. ఆ మాటే అడ్డం పెట్టుకుని బతికాను.

నిన్ను వీధిలోకి పంపాక నాన్న నన్ను పెరట్లోకి పంపేవాడు. నువ్వు అటు ఏడుస్తుంటే నేను ఇటు కూర్చుని ఉండేవాడిని. పిలిచాక లోపల్నుంచి వచ్చినట్టు నీ ముందుకొచ్చేవాడిని. నాకూ చెప్పలేదని నీకు చెప్పడానికి నామోషీ.

కలిపిన పొడి డబ్బా, బజారు పొట్లం రెండూ పంపుతున్నాను, వెంటనే ల్యాబుకిచ్చెయ్యి. ఇదే పొడి ఇంకొందరికి ఇచ్చాను. వాళ్ల ఇళ్లకెళ్లి డబ్బాలు లాక్కుని, అందర్నీ వెంటబెట్టుకుని వస్తాను. నేనొచ్చేలోగా డాక్టరుగారికి పొడి చూపించు, నన్ను మాత్రం వెనకేసుకు రాకు. "నాకు తెలీదు" అని ఆయన ముందు నేనే అనాలి. గది తాళంచెవి కూడా ఆయన చేతిలోనే పెడతాను.

అప్పుడు నువ్వు తలుపు బయట ఉండకు. లోపలికొచ్చి నా పక్కన నిలబడు.

అన్నయ్య