ఈ వారం ఎవరింట్లో?

చాద్ సరిహద్దు, నవంబరు 4

నరసరావుపేట పరుపుల కొట్టు యజమానురాలు శ్రీమతి చాంద్ బీ గారి దివ్యసముఖమునకు,

తమరి ఏకైక కుమార్తె ఫరా వ్రాసుకొను విన్నపము. ఫోన్ చేస్తే పోయేదానికి కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపడమేమిటని తిట్టుకుంటావని తెలుసు. ఫోన్‌లో అయితే నేను రెండో మాట అనేలోపే "ఏందే, గొంతు అట్టుంది?" అని పట్టేస్తావు. కాగితానికి గొంతు ఉండదు. అందుకని.

అమ్మా, నేనొక ఘనకార్యం చేశాను.

సుడాన్ యుద్ధం నుంచి పారిపోయి సరిహద్దు దాటినవాళ్ళ శిబిరంలో ఒక సహాయ సంస్థ తరఫున పనిచేస్తున్నానని నీకు తెలుసు కదా. ఇక్కడ ఆమ్నా అనే ఆవిడ ఉంది. వాళ్ళ ఊళ్ళో పంతులమ్మ. ఆమె, ఇంకో ముప్ఫైమంది ఆడవాళ్ళు కలిసి సంఘం పెట్టుకున్నారు. ఉమ్మడిగా వండి రెండొందలమంది పిల్లలకు పెడతారు. తోడులేకుండా వచ్చిన ఆడవాళ్ళను వెతికి పట్టుకుంటారు. దారిలో తమకేం జరిగిందో మాతో చెప్పనివాళ్ళు కూడా వీళ్ళతో చెబుతారు. వీళ్ళే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తారు. మేము తెల్లబండ్లలో నెలరోజులు తిరిగి కనుక్కోలేనిది, వాళ్ళు పొద్దున్నే నీళ్ళ దగ్గర నిలబడి కనుక్కుంటారు. వాళ్ళ పొయ్యికి గింజలూ కట్టెలూ ఇచ్చేది మా సంస్థ.

ఆ సాయం ఇంకో ఏడాది పొడిగించాలంటే సంఘం గట్టిదో కాదో పరీక్షించాలి. పరీక్షాధికారి ఎవరనుకున్నావు? డిగ్రీలో స్టాటిస్టిక్స్ రెండుసార్లు తప్పిన మీ అమ్మాయే. ఫారం ముందుపెట్టుకుని జడ్జిలా కూర్చున్నాను. కార్యాలయం ఉందా? లేదు. సమావేశానికి స్థిరమైన చోటు? లేదు, వారానికో గుడారంలో కూర్చుంటారు. అధ్యక్షురాలు? ఎవరి గుడారమైతే ఆ వారానికి వాళ్ళే. ఎర్రసిరాతో "నిలకడ లేదు" అని తీర్పు రాశాను. అందంగా కింద గీత కూడా గీశాను.

నిన్న ఉత్తర్వు వచ్చింది. నెలాఖరుతో వాళ్ళకు సాయం ఆపి, రాజధానిలో ఏసీ గదులున్న ఒక పెద్ద సంస్థకు వంట అప్పగిస్తారట. ఆమ్నాకు ఇంకా తెలియదు. పొద్దున నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

రాజీనామా రాసి ఉంచాను. శుక్రవారం ఇస్తాను. కొట్లో పరుపులు కుట్టే పనేదైనా ఖాళీ ఉంటే చెప్పు. సూది మాత్రమే పట్టుకుంటాను, కలం ముట్టుకోను.

ఇట్లు,
నేరం ఒప్పుకున్న ముద్దాయి,
ఫరా

* * *

నరసరావుపేట, నవంబరు 6

బంగారుతల్లీ,

నీ ఉత్తరం ఒక్కదాన్నే చదివి ఏడ్చే ఓపిక లేక మన ఆడవాళ్ళ సంఘంలో చదివించాను. కోప్పడకు. ఈ వారం వంతు అలివేలమ్మ వదినది. వాళ్ళ వసారాలో చాప పరుచుకుని కూర్చున్నాం. వాళ్ళ కోడలు అర్చన గట్టిగా చదివింది.

"నిలకడ లేదు" అన్న చోటికి రాగానే సుభాషిణి విరగబడి నవ్వింది. "అయితే ఇరవై ఏళ్ళ నుంచి మనకీ లేదన్నమాట! ఏమే చాంద్ బీ, నీ కూతురు మన చాప కూడా చుట్టించేట్టుందే."

"చిన్నప్పుడు ప్రతి మీటింగుకీ వచ్చి మరమరాలు బొక్కేది గదా, మర్చిపోయిందా?" అంది అలివేలమ్మ వదిన.

"మరమరాలు గుర్తుంటయ్. మనం ఇల్లిల్లూ ఎందుకు తిరుగుతామో దానికెవరు చెప్పారు?" అంది అర్చన.

నిజమే, నేనే చెప్పలేదు. మీ నాన్న పోయిన ఏడాది మన పొయ్యి మూడు రోజులు వెలగలేదు. నిన్ను పక్కింట్లో అన్నానికి పంపి, నేను తిన్నానని అబద్ధం చెప్పేదాన్ని. నాలుగో రోజు సంఘం మనింటికి వచ్చింది. అలివేలమ్మ వదిన మంచినీళ్ళకని వంటింట్లోకి పోయి, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసి, బయటికొచ్చి మళ్ళీ చాప మీద కూర్చుంది. సాయంత్రానికి బియ్యం వచ్చాయి. ఆఫీసులో కుర్చీలేసుకుని కూర్చుంటే ఎవరి పొయ్యి చల్లగా ఉందో ఎట్లా తెలుస్తుంది? దెబ్బలు తిన్నామె సిగ్గుపడి మీటింగుకు రాకపోతే, మీటింగే ఆమె దగ్గరికి పోతుంది.

నీ రాజీనామా సంగతి అడిగితే అలివేలమ్మ వదిన అన్న మాట ఇది: "రాసిన చేత్తోనే దిద్దమను. దిద్దకుండా వచ్చిందా, బస్టాండు నుంచే వెనక్కి తోలతా."

మీ అమ్మ,
చాంద్ బీ

* * *

చాద్ సరిహద్దు, డిసెంబరు 1

అమ్మా, నీకూ, నీ ద్వారా అలివేలమ్మత్త ధర్మాసనానికీ,

ఎట్లాగూ చదివిస్తావు కాబట్టి అర్చన వదినను గొంతు సవరించుకోమను.

శుక్రవారం రాజీనామా ఇవ్వలేదు. సంఘం దగ్గరికి వెళ్ళి, నా అరకొర అరబ్బీలో నేను చేసింది చెప్పాను. ఆమ్నా అంది. ఆమె అరబ్బీ నాకు మాత్రం అచ్చంగా మన పేట తెలుగులోనే వినిపించింది: "ఏడ కూర్చుంటారని అడిగావు. ఎందుకని అడిగావా పిల్లా?"

మా సంస్థ పెద్ద మేడంకి "తప్పు సంఘానిది కాదు, నాది" అని మూడు పేజీలు రాశాను. ఒక్క సమావేశానికి వచ్చి కూర్చోమన్నాను. వచ్చింది. ఆ వారం కూర్చున్న గుడారంలో తెర వెనక ఒక అమ్మాయి పడుకుని ఉంది. కాలి గాయం చీము పట్టింది. పదిరోజులుగా మా జాబితాలో ఎక్కడా లేని మనిషి. ఆమ్నా వాళ్ళు సమావేశం ఆపి, ఆమెను మంచంతో సహా ఆసుపత్రికి మోశారు. మేడం నోటుబుక్కు మూసేసి మంచానికి ఒక కోడు పట్టుకుంది.

తర్వాత రెండు వారాలు జవాబు లేదు. నిన్న, వంటశాలలో ఆఖరి బస్తా మూతి విప్పిన రోజున, వచ్చింది: ఏడాది సాయం సంఘానికే, నేరుగా. మధ్యలో ఏ పెద్ద సంస్థా లేదు!

పరుగెత్తాను. ఆమ్నా గుడారం ఖాళీ. పక్కామెను "ఈ వారం ఎవరింట్లో?" అని అడిగితే నన్ను వింతగా చూసి నా గదివైపే చూపించింది. వెళ్ళేసరికి నా రేకుల గది నిండా, గడప బయట కూడా ఆడవాళ్ళే. నా వంట అలమరాలో దొరికిన రెండు బిస్కెట్ ప్యాకెట్లు మధ్యలో సాక్ష్యంగా పెట్టారు. "నెల నుంచి చిక్కిపోతున్నావు, ఇదా నువ్వు తినేది?" అని ఆమ్నా తిట్టింది. అప్పటికే ఎవరో పప్పు ఎక్కించారు.

గది నాది కాబట్టి అధ్యక్షురాలిని నేనేనట. మొదటి మాట నేనే మాట్లాడాలట. లేచి నిలబడ్డాను. నోరు తెరిస్తే మాటకు బదులు ఏడుపు వచ్చింది. సాయం పోయిందనుకున్నారు. ఒకామె నీళ్ళిచ్చింది, ఇంకొకామె వీపు నిమిరింది. "పోతే పోయిందిలే, ఇంటికో దోసెడు వేసుకుని వండుదాం, నువ్వేడవకు" అని ఆమ్నా నన్నే ఓదార్చడం మొదలుపెట్టింది.

"పోలేదు!" అని అరిచాను.

ఆ తర్వాత పప్పు మాడిపోయేదాకా ఎవరికీ పొయ్యి సంగతి గుర్తులేదు.

ఇట్లు,
ఈ ఒక్క వారానికి అధ్యక్షురాలు,
ఫరా