కూజా మొక్కను పారేయకండి

స్నేహలత అక్కకు, నితీష్ దండాలు. నేను బాగున్నాను.

అవ్వ నా ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు. ఈగలను కూజాల్లో పట్టి తింటుంది, ఈగల మందు కంపెనీలనే ఓడిస్తుందని నేను తెచ్చిచ్చిన కూజా మొక్కకు కూజాలు మాడిపోతే, బోరునీళ్లు పోసి చంపావని అవ్వ మీద అరిచాను కదా. ఇక్కడ నేను పనిచేసే నిజామాబాద్ నర్సరీలో వాననీళ్లే పోసి పెంచిన నా మొక్కకూ అలాగే మాడాయి. ఆ రోజు ఫోన్‌లో నా అరుపులు విన్న నర్సరీ యజమాని ధనుంజయ్ అన్న, "ఏం తమ్మీ, నువ్వు గూడ బోరునీళ్లే పోసినవా?" అని అందరి ముందు నవ్వాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అది చిత్తడి అడవుల మొక్క, మన వడగాడ్పుకు కూజాలు కట్టదు. నేను చదివిన కరపత్రంలో ఆ మాట లేదు, నాకూ తోచలేదు.

ఆకులు పచ్చగా ఉంటే పారేయకండి, నీళ్లకుండ పక్కన నీడకు పెట్టండి. బాపు చెరకుకు నీళ్లు అందుతున్నాయా? ఈ కార్డు అవ్వకు చదివి వినిపించు. నన్ను తిట్టడానికైనా ఒక్కసారి ఫోన్ ఎత్తమను.

నీ తమ్ముడు